కండక్టర్, పియానిస్టు, గురువు: ఒక్కరికి మూడు పేర్లు ఎందుకు?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీ కరపత్రం ఏది తిరగేసినా, ఆ రంగంలోని పెద్దల మరణవార్త ఏది చదివినా తరచూ ఎదురయ్యే వాక్యం ఒకటుంది: "ఆయన ప్రసిద్ధ కండక్టర్, పియానిస్టు, సంగీత గురువు." చదివేవారికి ఇది ముగ్గురి పని ఒక్కరే నెత్తిన వేసుకున్నట్టు కనిపిస్తుంది. లేదా ఏ ఒక్కదానిలోనూ కుదురుకోలేక మూడింటిలోనూ కాలు పెట్టినట్టు తోస్తుంది. రెండు ఊహలూ పూర్తిగా నిజం కావు. ఈ మూడు పనుల అడుగున ఉన్న విద్య ఒక్కటే: అనేక స్వరాలు ఒకేసారి కదులుతున్నప్పుడు వాటిని విడివిడిగానూ, కలగలిపీ వినగలగడం. ఆ చెవి ఉన్న మనిషి ఏ వయసులో పియానో ముందు కూర్చున్నారు, ఎప్పుడు వాద్యబృందం ముందు నిలబడ్డారు, ఎందుకు పాఠాలకు మళ్లారు అన్నవి మాత్రం ప్రతిభ ఒక్కటే తేల్చే విషయాలు కావు. కాలం, జీతం, యుద్ధం, చేతివేళ్ల ఆరోగ్యం, ఆడా మగా అన్న తేడా కూడా అక్కడ లెక్కలోకి వస్తాయి.

చప్పుడు చేయని సంగీతకారుడు

ముందుగా కండక్టర్ సంగతి. ఈ మాట వినగానే మనకు టికెట్ల సంచీ గుర్తుకు రావడం సహజమే కానీ, ఇక్కడ ఆ మాటకు నడిపించేవారని అర్థం. పెద్ద సింఫనీ బృందంలో ఎనభై నుంచి వంద మంది దాకా వాద్యకారులు ఉంటారు. ఒక్కొక్కరి ముందున్న కాగితంలో వారి వాద్యం వాయించాల్సిన భాగం మాత్రమే ఉంటుంది. అందరి భాగాలనూ ఒకదాని కింద ఒకటిగా పేర్చిన పెద్ద పుస్తకం, అంటే స్కోర్, కండక్టర్ దగ్గర ఉంటుంది. వేదిక మీద ఒక్క స్వరమైనా పలికించని మనిషి ఆయన ఒక్కరే.

మరి ఆయన చేతి కదలికకు అంత విలువ ఎందుకు? 1808 డిసెంబరు 22న వియన్నాలో తొలిసారి వినిపించిన బీథోవెన్ ఐదో సింఫనీ ఆరంభాన్ని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. మూడు పొట్టి స్వరాలు, వాటి వెంట ఒక పొడుగు స్వరం. ఈ ఎత్తుగడ సంగీతం తెలియనివారికి కూడా పరిచయమే. అయితే కాగితం మీద మొదట ఉన్నది స్వరం కాదు, విరామం. ఒక ఆవర్తనాన్ని నాలుగు ముక్కలు చేస్తే మొదటి ముక్క నిశ్శబ్దం, మిగిలిన మూడూ ఆ పొట్టి స్వరాలు. కర్ణాటక సంగీతం విన్నవారు దీన్ని అనాగత గ్రహంతో పోల్చుకోవచ్చు: తాళం ముందు పడుతుంది, స్వరం తర్వాత అందుకుంటుంది. నిమిషానికి 108 ఆవర్తనాల చొప్పున నడవాలని బీథోవెన్ స్వయంగా గుర్తు పెట్టారు. ఆ లెక్కన తొలి నిశ్శబ్దం నిలిచేది సెకనులో సుమారు ఏడో వంతు.

తంత్రీ వాద్యాలు వాయించే అరవై మంది, వారికి దూరంగా వెనక కూర్చున్న ఇద్దరు క్లారినెట్ వాద్యకారులు ఆ ఏడో వంతు సెకను తర్వాత ఒక్కసారిగా అందుకోవాలి. అంతకు ముందు వారికి ఊతంగా ఏ ధ్వనీ లేదు. కండక్టర్ చేయి పైకి లేచి కిందికి వచ్చే ఒక్క కదలికలోనే ఎంత వేగం, ఎంత బలం, ఎలాంటి ఆరంభం అన్న మూడు సంగతులూ అందరికీ అర్థం కావాలి. చేయి తటపటాయిస్తే ఆ ప్రసిద్ధమైన నాలుగు స్వరాలు ఐదో ఆరో అయినట్టు చెదిరి వినిపిస్తాయి. ఇక పొడుగు స్వరం మీద "ఎంతసేపైనా ఆగవచ్చు" అని చెప్పే గుర్తు ఉంది. ఎంతసేపో కాగితం చెప్పదు. కొద్ది క్షణాల తర్వాత అదే ఎత్తుగడ మరోసారి వస్తుంది. అప్పుడు ఆ పొడుగు స్వరాన్ని బీథోవెన్ ఇంకో ఆవర్తనం మేర సాగదీశారు. రెండోసారి మరింత నిలపాలన్నమాట. ఎంత అన్నది కండక్టర్ నిర్ణయం.

ఇది ప్రేక్షకులకు కనిపించే పని. అసలు పని అంతకు ముందు సాధన గదిలో జరిగిపోతుంది. బాకాల వరుసలో కూర్చున్నవారికి తమ పక్కవారి ధ్వనే హోరెత్తుతుంది కాబట్టి, ముందున్న వయొలాల (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యాల) మెత్తని పలుకును తాము కప్పేస్తున్నామని వారికి తెలియదు. హాలులో కూర్చున్నవారికి ఏం వినబడుతుందో ఊహించి సరిదిద్దడం, వంద మందికి ఒకే కాలప్రమాణం నచ్చేలా చేయడం, అదీ లెక్కపెట్టి ఇచ్చిన కొద్ది గంటల సాధనలో చేయడం కండక్టర్ వృత్తిలో ఎక్కువ భాగం.

పియానో మొదటి మెట్టు ఎలా అయింది

వయొలిన్ నేర్చుకునే పిల్లవాడు ఒక వరుస స్వరాలు చదువుతాడు. పియానో నేర్చుకునే పిల్లవాడు తొలి ఏడాదే రెండు వరుసలు, రెండు చేతులు, ఒకేసారి మూడు నాలుగు స్వరాలు చూడటం మొదలుపెడతాడు. స్కోర్ చదవడానికి ఈ అలవాటు పునాది.

కానీ పునాది ఒక్కటే చాలదు. స్కోర్‌లో కొన్ని వాద్యాలకు రాసింది ఒకటి, వినిపించేది మరొకటి. కాగితం మీద "సి" అని ఉంటే, బి-ఫ్లాట్ క్లారినెట్ నుంచి ఒక మెట్టు కిందున్న బి-ఫ్లాట్ వస్తుంది. ఎఫ్ హార్న్ అదే "సి"ని చూసి ఐదో మెట్టు కింద ఉన్న "ఎఫ్" పలికిస్తుంది. స్వరాల స్థానం చెప్పడానికి వరుస మొదట్లో వేసే గుర్తు కూడా వయొలాకు వేరు, వయొలిన్‌కు వేరు. వీటన్నిటినీ చూపుతోనే మార్చుకుని, పదిహేను ఇరవై వరుసల్లో ఏది ముఖ్యమో ఏరుకుని, పది వేళ్లకు సరిపడేలా కుదించి అప్పటికప్పుడు వాయించడాన్ని స్కోర్ రీడింగ్ అంటారు. సంగీత విద్యాలయాల్లో కండక్టింగ్ విద్యార్థులకు ఇది మామూలు పరీక్ష. వాద్యబృందాన్ని ఇంటికి తెచ్చుకోలేని మనిషికి పియానోయే ఆ బృందం.

రెండో కారణం ఉపాధి. ఒపేరా (పాటలతో నడిచే నాటకం) సంస్థలో ఒక నాటకం తయారు కావడానికి వారాలు పడుతుంది. అన్ని రోజులూ పూర్తి వాద్యబృందాన్ని కూర్చోబెడితే ఖర్చు భరించలేరు. అందుకే గాయకులతో సాధనకు ఒక పియానిస్టును పెడతారు. ఫ్రెంచి మాటనే వాడి ఆ ఉద్యోగిని రెపెటితూర్ అంటారు. వాద్యబృందం మొత్తాన్నీ ఆయన పియానో మీద చూపాలి, రాని గాయకుడి వంతు తాను పాడాలి, తప్పు పలికిన మాట సరిదిద్దాలి, అవన్నీ చేస్తూ కండక్టర్ చేతిని గమనించాలి. ఇంతకంటే మంచి శిక్షణ ఎక్కడా దొరకదు.

జార్జ్ షోల్టి జీవితం ఈ దారికి స్పష్టమైన ఉదాహరణ. 1912లో బుడాపెస్టులో పుట్టిన ఆయన అక్కడ స్వరకర్త, పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్ పేరున్న లిస్ట్ అకాడమీలో పియానో నేర్చి, 1930లో నగర ఒపేరాలో రెపెటితూర్‌గా చేరారు. యూదు కావడంతో కండక్టర్‌గా అవకాశం రావడానికి ఏళ్లు పట్టింది. చివరకు 1938 మార్చి 11న మొట్‌సార్ట్ ఒపేరా నడిపించే వంతు వచ్చింది. సరిగ్గా ఆ రాత్రే జర్మన్ సేనలు ఆస్ట్రియా వైపు కదులుతున్నాయన్న వార్త హాలులోకి పాకింది. యుద్ధకాలం స్విట్జర్లాండులో గడిపి, 1942లో జెనీవా పోటీలో గెలిచింది కండక్టర్‌గా కాదు, పియానిస్టుగా. 1946లో మ్యూనిక్ ఒపేరా పగ్గాలు అందాకే ఆయన కోరుకున్న వృత్తి నిజంగా మొదలైంది. తర్వాత 1969 నుంచి 1991 దాకా షికాగో సింఫనీ సంగీత దర్శకుడు, 31 గ్రామీ పురస్కారాల గ్రహీత. మధ్యలో నిలబెట్టింది పియానో.

మెండెల్‌సన్ వేసిన దారి

ఈ మూడు పనుల కలయిక నిన్న మొన్నటిది కాదు. 1829లో, ఇరవై ఏళ్లు నిండిన కొద్ది వారాలకే, ఏసుక్రీస్తు శ్రమల కథను గానంగా చెప్పే, బాఖ్ రాసిన సెయింట్ మాథ్యూ పాషన్‌ను బెర్లిన్‌లో నడిపించి మరుగున పడిన సంగీతానికి మళ్లీ వెలుగు చూపిన ఫెలిక్స్ మెండెల్‌సన్, 1835లో లైప్‌జిగ్ నగరంలోని గెవాండ్‌హౌస్ వాద్యబృందాన్ని చేపట్టారు. పియానో కచేరీలు ఇస్తూనే 1843లో అక్కడే సంగీత విద్యాలయం స్థాపించారు. బృందంలోని వాద్యకారులు ఆ విద్యాలయంలో ఉపాధ్యాయులు, అక్కడ చదివినవారికి గమ్యం అలాంటి బృందమే. ఇప్పటికీ చాలా నగరాల్లో కనిపించే ఏర్పాటు ఇదే.

మరో తరంలో హాన్స్ ఫోన్ బ్యూలో దీన్ని వృత్తిగా మార్చారు. లిస్ట్ శిష్యుడైన ఈయన 1875లో బోస్టన్‌లో చైకోవ్‌స్కీ మొదటి పియానో కాన్సర్టోను (ఒక వాద్యం ముందుండి బృందంతో కలిసి వాయించే రచనను) తొలిసారి వాయించారు. 1880లో మైనింగెన్ అనే చిన్న పట్టణపు బృందాన్ని తీసుకుని, ముందు ఒక్కో వాద్యవర్గానికి విడిగా సాధన చేయించి, తర్వాత కలిపి, చివరకు కాగితం లేకుండా నిలబడి వాయించే స్థితికి తెచ్చారు. 1887 నుంచి బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపించారు. తాను రాసిన సంగీతం కాక, ఇతరుల సంగీతానికి అర్థం చెప్పడమే ప్రధాన వృత్తిగా బతకవచ్చని గట్టిగా చూపినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు.

కూర్చునే నడిపించడం: ఎంతవరకు సాధ్యం?

ఒకే సాయంత్రం ఒకే మనిషి పియానో వాయిస్తూ బృందాన్నీ నడిపించడం చూసి ఆశ్చర్యపోయేవారు ఉంటారు. మొట్‌సార్ట్ కాలంలో ఇది మామూలు. పియానో మూత తీసేసి, వాయించేవారి వీపు ప్రేక్షకుల వైపు ఉండేలా తిప్పుతారు. చేతులు ఖాళీగా ఉన్న చోట చేతులతో, లేనిచోట తలతో, కళ్లతో, ఊపిరితో సంకేతం ఇస్తారు. డానియెల్ బారెన్‌బోయిమ్ ఇంగ్లిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో మొట్‌సార్ట్ కాన్సర్టోలను రికార్డు చేసింది ఇలాగే.

చిన్న బృందం, స్పష్టమైన లయ ఉన్నచోట ఇది సాగుతుంది. బ్రామ్స్ కాన్సర్టోల వంటి వాటిలో రెండు చేతులూ తీరిక లేకుండా ఉన్నప్పుడే బృందం కూడా సంక్లిష్టంగా కదులుతుంది. అక్కడ వేరే కండక్టర్ ఉండటమే మేలు. ఎక్కువ సాధనతో ఈ హద్దును కొంత జరపవచ్చు. షోపెన్ 150వ వర్ధంతి వచ్చిన 1999లో, ఆయన రెండు కాన్సర్టోలను తానే వాయిస్తూ నడిపించాలని పియానిస్టు క్రిస్టియన్ జిమర్‌మన్ ఏకంగా ఒక కొత్త బృందాన్నే సమకూర్చుకున్నారు. మామూలు బృందం ఇవ్వగల సాధన సమయం ఆ కోరికకు చాలదు మరి.

పదవుల పేర్లు, ఎంపిక పద్ధతి

వార్తల్లో కనిపించే పదవులు కూడా తికమక పెడతాయి. సంగీత దర్శకుడు అంటే కచేరీలతో పాటు వాద్యకారుల నియామకం, ఏడాది కార్యక్రమం వంటి బాధ్యతలూ ఉన్నవారు. ప్రధాన కండక్టర్ అన్న పదవిలో ఈ పాలన బరువు కొంత తక్కువగా ఉండవచ్చు. ఈ రెండు పదవుల్లో ఉన్నవారు కూడా ఏడాది పొడుగునా ఆ నగరంలో ఉండరు. కొన్ని వారాలకు ఒప్పందం, మిగతా కాలం అతిథులది. అందుకే ఒకరే రెండు బృందాలకు పెద్దగా ఉండటం కుదురుతుంది. 1996లో పుట్టిన క్లాస్ మెకెలాను 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ, షికాగో సింఫనీ రెండింటికీ ఎంపిక చేశారన్న వార్త వచ్చినప్పుడు జరిగిన చర్చ దీని గురించే. ఎంపిక పద్ధతులు కూడా ఒకే తీరున ఉండవు: బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌లో వాద్యకారులే ఓటు వేస్తారు, 2015 మేలో రోజంతా కూర్చున్నా తేలక జూన్‌లో కిరిల్ పెట్రెంకోను ఎన్నుకున్నారు. వియన్నా ఫిల్‌హార్మోనిక్ 1933 తర్వాత శాశ్వత కండక్టర్ అనే పదవినే ఉంచుకోలేదు.

పాఠం: ఇష్టమా, అవసరమా?

మూడో పేరు దగ్గరే అసలు చిక్కుంది. "గురువు" అన్న మాట కొందరి విషయంలో జీవితధ్యేయం, కొందరి విషయంలో జీతం, మరికొందరి విషయంలో తప్పనిసరి మలుపు. కచేరీకి ఇంత అని పారితోషికం పుచ్చుకునే మనిషికి నెలనెలా వచ్చే ఆదాయం విద్యాలయంలోనే దొరుకుతుంది. హంగరీలో పియానిస్టుగా, బుడాపెస్ట్ ఫిల్‌హార్మోనిక్ కండక్టర్‌గా, లిస్ట్ అకాడమీ అధిపతిగా వెలిగిన ఎర్నో దొహ్నానీ, యుద్ధానంతరం వచ్చిన రాజకీయ ఆరోపణలు కచేరీలకు అడ్డుపడగా 1949లో ఫ్లోరిడాలోని టలహాసీ చేరి, చివరి దశాబ్దం అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ గడిపారు.

పారిస్‌లో నాదియా బులాంజేది దీనికి పూర్తిగా భిన్నమైన కథ. 1938లో బోస్టన్ సింఫనీని నడిపించిన తొలి మహిళ ఆమె. అయినా ఆమె పేరు నిలిచింది పాఠం వల్లే. ర్యూ బల్లూలోని ఆమె ఇంట్లో దశాబ్దాల పాటు జరిగిన తరగతులకు ఆరన్ కోప్లాండ్, ఆస్తోర్ పియాసోలా, ఫిలిప్ గ్లాస్, క్విన్సీ జోన్స్ వంటి, ఒకరితో ఒకరికి పోలికే లేని సంగీతకారులు వచ్చారు. పిల్లవాడుగా బారెన్‌బోయిమ్ కూడా ఆమె దగ్గర నేర్చుకున్నారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం లియోన్ ఫ్లైషర్ జీవితం. 1928లో పుట్టిన ఈ అమెరికన్ పియానిస్టు పదహారో ఏట న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో వాయించి, 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచారు. 1964 ప్రాంతంలో కుడిచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ వాటంతట అవే అరచేతిలోకి ముడుచుకుపోవడం మొదలైంది. అది కండరాలను మెదడు నడిపించే తీరులో వచ్చే లోపమని, డిస్టోనియా అంటారని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ముప్పై ఆరేళ్లకు రెండు చేతుల వాద్యం ఆగిపోయింది. యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం రావెల్ రాసిన ఎడమచేతి కాన్సర్టో వంటివి వాయించారు, అనపోలిస్, బాల్టిమోర్ బృందాలను నడిపించారు, పీబాడీ విద్యాలయంలో 1959లో మొదలైన పాఠాలను చివరిదాకా వదల్లేదు. అంతకు ముందు శిష్యుడు తడబడితే తానే వాయించి చూపేవారు. ఆ వీలు పోయాక స్వరం గురించి మాటల్లో చెప్పడం నేర్చుకోవలసి వచ్చిందని, దాంతో తన బోధన మెరుగైందని ఆయనే చెప్పుకున్నారు. ఆలోచిస్తే, వాయించకుండా ఇతరుల చేత వాయించుకోవడం కండక్టర్ చేసే పని కూడా. 1990లలో బొటాక్స్ చికిత్సతో వేళ్లు కొంత సాగి, 2004లో రెండు చేతుల రికార్డు మళ్లీ వెలువడింది.

ఫ్లైషర్ గురువు ఆర్తుర్ ష్నాబెల్, ఆయన గురువు లెషెటిట్‌స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీ గురువు బీథోవెన్. ఇలాంటి గురుపరంపరను కరపత్రాల్లో గర్వంగా వేస్తారు. మనకు అలవాటైన భావనే కాబట్టి సులభంగా నమ్ముతాం. కానీ ప్రతి తరంలో వాద్యమే మారిపోయింది, బీథోవెన్ పియానోకూ ష్నాబెల్ పియానోకూ బరువులో, ధ్వనిలో పోలిక తక్కువ. పరంపర అందించేది ధ్వనిని కాదు, రచనను ఎలా ప్రశ్నించాలన్న అలవాటును అనుకుంటే అతిశయోక్తి తగ్గుతుంది.

కండక్టింగ్ నేర్పగలిగే విద్యేనా?

కాదనేవారి దగ్గర బలమైన సాక్ష్యం ఉంది. 1886లో రియో డి జనీరోలో, గొడవల మధ్య నడిపించేవారు లేక ఒపేరా ఆగిపోయే స్థితిలో, చెలో వాయిస్తున్న పందొమ్మిదేళ్ల ఆర్తురో టోస్కనీనిని వేదికెక్కించారు. ఆయన స్కోర్ చూడకుండా మొత్తం నడిపించారు. అంతకు ముందు ఏ తరగతిలోనూ ఆ పని నేర్చుకోలేదు.

నేర్పవచ్చు అనేవారు పాఠశాలలను చూపుతారు. వియన్నాలో హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర క్లాడియో అబ్బాడో, జుబిన్ మెహతా చదివారు. లెనిన్‌గ్రాడ్‌లో ఇల్యా మూసిన్ దగ్గర నుంచి తెమిర్కానొవ్, బిచ్‌కోవ్, గెర్గియెవ్ వచ్చారు. హెల్సింకీలోని సిబేలియస్ అకాడమీలో 1973 నుంచి సుమారు రెండు దశాబ్దాలు బోధించిన యోర్మా పానులా దగ్గర సలోనెన్, సరస్తే, వాన్‌స్కా, ఒరమో వంటివారు తయారయ్యారు. పానులా పద్ధతిలో ఉపన్యాసం తక్కువ. విద్యార్థిని సజీవ బృందం ముందు నిలబెట్టి, వీడియో తీసి, తర్వాత చూపిస్తారు. అంత చిన్న దేశం నుంచి ఇంతమంది రావడం యాదృచ్ఛికం కాదన్నది వారి వాదన. అయితే పేరున్న గురువు దగ్గరికి ప్రతిభావంతులే చేరతారు కాబట్టి, ఫలితంలో బోధన వాటా ఎంత, ఎంపిక వాటా ఎంత అని విడదీయడం కష్టమనే అభ్యంతరం కూడా న్యాయమైనదే.

దీనికి అనుబంధంగా మరో వాదం ఉంది. బృందంలో కూర్చుని వాయించినవారే మంచి కండక్టర్లు అవుతారని కొందరంటారు. పియానో స్వరం మీట నొక్కగానే తగ్గిపోవడం మొదలవుతుంది, వయొలిన్ కమాను మీద స్వరం పెరగగలదు, వేణువు ఊపిరిని బట్టి సాగుతుంది. పియానిస్టుకు ఆ కమాను, ఆ ఊపిరి ఒంట్లో ఉండవు కాబట్టి ఆయన చేయి గీత గీసినట్టు బిరుసుగా కదులుతుందని వారి విమర్శ. టోస్కనీని చెలో నుంచి, జుబిన్ మెహతా డబుల్ బాస్ నుంచి వచ్చారు. దీనికి జవాబుగా షోల్టి, కరాయన్, బారెన్‌బోయిమ్ పేర్లు ఎదురు వస్తాయి. కలిసి మోగే స్వరాల నడక (హార్మనీ) ఎటు కదులుతోందో మొదట పసిగట్టేది పియానిస్టు చెవే అంటారు. పేర్ల పోటీతో ఇది తేలదు. నా దృష్టిలో విమర్శకులు చెప్పే లోపం నిజమే, కానీ అది మొదటి పదేళ్ల లోపం. బృందంతో గడిపే కాలమే దాన్ని సరిదిద్దుతుంది.

ఆంటోనియా బ్రికో విషయంలో పేర్ల వరుస

మూడు పేర్లను ఏ వరుసలో రాస్తారన్నది కూడా ఒక నిర్ణయమే. 1902లో రోటర్‌డామ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన ఆంటోనియా బ్రికో పియానో నేర్చి, బెర్లిన్‌లో కండక్టింగ్ చదివి, 1930లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపించారు. తిరిగి వచ్చాక అమెరికాలోని పెద్ద బృందాల్లో మహిళకు స్థిరమైన పదవి దొరకలేదు. 1934లో న్యూయార్క్‌లో మహిళలతోనే సొంత బృందం కూర్చుకున్నారు. 1942లో డెన్వర్‌లో స్థిరపడి పియానో పాఠాలు చెబుతూ, పగలు వేరే ఉద్యోగాలు చేసుకునే ఔత్సాహికుల బృందాన్ని దశాబ్దాల పాటు నడిపించారు. ఆమె దగ్గర పియానో నేర్చుకున్న ఒక అమ్మాయి ఆ తర్వాత జానపద గాయనిగా పేరు తెచ్చుకున్న జూడీ కాలిన్స్. 1974లో కాలిన్స్ తన గురువు గురించి ఒక డాక్యుమెంటరీ తీశాక, డెబ్బై దాటిన వయసులో బ్రికోకు పెద్ద వేదికల నుంచి మళ్లీ పిలుపులు వచ్చాయి. ఆమె పేరు పక్కన నేటికీ మొదట రాసేది కండక్టర్ అనే. డెన్వర్‌లోని ఆ ఏళ్లలో ఆమెను పోషించింది మాత్రం పియానో పాఠాలు.